ఫైర్ సేఫ్టీ ఇంజనీరింగ్‌లో పీజీ: అప్లికేషన్ నుంచి థీసిస్ దాకా ఎలా చదవాలి

అప్లికేషన్ ఫారం తెరవకముందే ఒక లెక్క చేయండి. కాగితం, పెన్ను, కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఒక గది ఉంది. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు. ఒకటే తలుపు: 0.8 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, బార్లా తెరిచి ఉంది. లోపల ఏదో అంటుకుంది. మంట పెరిగి పెరిగి ఒక దశలో గదిలో ఉన్న సామానంతా దాదాపు ఒకేసారి భగ్గుమంటుంది. దాన్నే ఫ్లాష్‌ఓవర్ అంటారు. ఈ గదిలో ఆ దశ రావాలంటే మంట ఎంత పెద్దది కావాలి? అందుకు ఎంతసేపు పడుతుంది?

అగ్ని పరిశోధకుడు ఫిలిప్ థామస్ ఇచ్చిన సూత్రం ఒకటుంది. నేల, పైకప్పు, గోడలు అన్నీ కలిపి, తలుపు ఖాళీ తీసేసి, గది లోపలి వైశాల్యం కట్టండి. ఇక్కడ 57.4 చదరపు మీటర్లు వస్తుంది. దాన్ని 7.8తో గుణిస్తే సుమారు 448. తర్వాత తలుపు వైశాల్యాన్ని తలుపు ఎత్తు వర్గమూలంతో గుణించండి. 1.6ని 1.414తో గుణిస్తే 2.26. దాన్ని మళ్లీ 378తో గుణిస్తే 855. రెండూ కలిపితే దాదాపు 1300 కిలోవాట్లు, అంటే 1.3 మెగావాట్లు. ఫోమ్ కూర్చిన పెద్ద సోఫా ఒక్కటే మండితే మూడు మెగావాట్ల దాకా పోగలదు. అంటే ఈ గదికి ఒక్క సోఫా ఎక్కువే.

ఇప్పుడు సమయం. మంట పరిమాణం గడిచిన కాలం స్క్వేర్‌తో (కాలం × కాలం) పెరుగుతుందని ఇంజనీర్లు అనుకుంటారు. 'ఫాస్ట్' అనే వర్గంలో మంట 150 సెకన్లలో 1055 కిలోవాట్లకు చేరుతుంది. 'మీడియం' వర్గంలో అదే చోటికి రావడానికి 300 సెకన్లు పడుతుంది. మన 1300 కిలోవాట్లకి ఫాస్ట్ అయితే 167 సెకన్లు, మీడియం అయితే 333 సెకన్లు. గది అదే, తలుపు అదే. మీరు ఎంచుకున్న వర్గం ఒక్కటి మారితే లోపలున్న మనిషికి దొరికే సమయం సగమైపోయింది.

ఈ లెక్క చేస్తున్నప్పుడు మీలో రెండు సందేహాలు రావాలి. ఆ 7.8 ఎక్కడి నుంచి వచ్చింది? ఫాస్ట్ అనాలా మీడియం అనాలా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? మొదటిదానికి జవాబు: కొన్ని గదులను కాల్చి చూసి తీసిన అంకె అది. గోడ ఇటుకదా, లోపల ఇన్సులేషన్ వేసినదా అని ఈ సూత్రం అడగనే అడగదు. రెండోదానికి జవాబు: మీరే. ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో రాసి, సంతకం పెట్టి, నిలబెట్టుకోవాలి. లెక్క చేయడం వారంలో వస్తుంది. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకోవడానికే మిగతా కోర్సంతా. కింద చెప్పే ప్రతి మెట్టునూ నేను ఈ దృష్టితోనే చెబుతున్నాను.

సందేహాలేమీ రాక, జవాబు వచ్చేసిందని కాలిక్యులేటర్ మూసేసి ఉంటే, ఇంకో రెండు మూడు సూత్రాలు ఇలాగే ప్రయత్నించి చూడండి. అప్పటికీ ఆసక్తి కలగకపోతే వేరే పీజీ చూసుకోవడం మేలు.

కోర్సు పేరు చూసి మోసపోకండి

ఈ రంగంలో కోర్సులు రెండు రకాలు. ఒకటి అగ్నిమాపక నిర్వహణ, ఆడిట్, రిస్క్ అసెస్‌మెంట్ నేర్పేవి. మంచివే, కానీ అవి వేరే ఉద్యోగానికి. రెండోది ఇంజనీరింగ్. పేరులో 'ఫైర్ సేఫ్టీ' అని ఉన్నా 'ఫైర్ ప్రొటెక్షన్' అని ఉన్నా పట్టించుకోకండి. సిలబస్ తీసి చూడండి. ఫైర్ డైనమిక్స్ (మంట ఎలా పుట్టి, ఎలా పెరుగుతుందో చెప్పే శాస్త్రం), హీట్ ట్రాన్స్‌ఫర్, మంటల్లో కట్టడాల ప్రవర్తన, పొగ నియంత్రణ, మనుషుల ప్రవర్తన, భవనం ఖాళీ చేయించడం, ప్రయోగశాల, థీసిస్ ఉన్నాయా? ఇందులో ఫైర్ డైనమిక్స్ లేకపోతే అది ఇంజనీరింగ్ కోర్సు కాదు, పేరు ఎంత గొప్పగా ఉన్నా సరే.

ఏ డిగ్రీ చేసినవాళ్లు రావచ్చు? మెకానికల్, సివిల్, కెమికల్ వాళ్లు సూటిగా రావచ్చు. భౌతికశాస్త్రం చదివినవాళ్లూ బాగా రాణిస్తారు. ఆర్కిటెక్చర్ నుంచి వచ్చేవాళ్లకి గణితం దగ్గర కాస్త కష్టపడాల్సి ఉంటుంది గానీ, ప్లాన్ చూడగానే జనం ఎటు నడుస్తారో పట్టేసే నేర్పు వాళ్లకి ఉంటుంది. మిగతావాళ్లు అది కోర్సు అంతా అయ్యాక కూడా పూర్తిగా నేర్చుకోలేరు.

ఎక్కడ చదవాలి

ప్రపంచంలో ఈ కోర్సు ఉన్న చోట్లు తక్కువ, అందుకే ఎంపిక తేలికే. స్కాట్లండ్‌లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం 1970లలోనే ఈ విషయానికి ప్రొఫెసర్ పదవి పెట్టింది. డేవిడ్ రాస్‌బాష్ అక్కడి మొదటి ప్రొఫెసర్. స్వీడన్‌లో లుండ్, బెల్జియంలో గెంట్ బలమైనవి. ఈ మూడూ కలిసి నడిపే రెండేళ్ల అంతర్జాతీయ మాస్టర్స్ ఉంది, విద్యార్థి ఒకటికి మించిన దేశాల్లో చదువుతాడు. అమెరికాలో మేరీలాండ్, వుస్టర్ పాలిటెక్నిక్ రెండూ పేరున్నవి. ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో చదివే వీలు కూడా ఇస్తున్నాయి. ఉత్తర ఐర్లండ్‌లో అల్స్టర్, న్యూజిలాండ్‌లో కాంటర్‌బరీ, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్, హాంకాంగ్ పాలిటెక్నిక్ కూడా చూడదగినవే.

ర్యాంకింగుల జాబితాలు ఇక్కడ పెద్దగా పనికిరావు. అవి విశ్వవిద్యాలయం మొత్తాన్ని కొలుస్తాయి, మీకు కావాల్సింది అందులో ఒక చిన్న విభాగం. దాని బదులు ఈ పని చేయండి. ఆ విభాగంలో గత రెండు మూడేళ్లలో వచ్చిన మాస్టర్స్ థీసిస్‌ల శీర్షికలు వెతకండి. చాలా చోట్ల అవి బహిరంగంగా దొరుకుతాయి. అందులో ఎన్ని ప్రయోగాలు, ఎన్ని కేవలం కంప్యూటర్ సిమ్యులేషన్లు అని లెక్కపెట్టండి. విద్యార్థుల చేత నిజంగా నిప్పు పెట్టించే చోటు దొరికితే వదలకండి. తర్వాత ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల వ్యాసాలు చదివి, అందులో ఎవరి పని మీకు అర్థమవుతోందో, ఎవరి పని చదవాలనిపిస్తోందో రాసుకోండి.

అక్కడ చదువుతున్న విద్యార్థులకి మెయిల్ పెట్టడానికి మొహమాటపడకండి. 'కోర్సు ఎలా ఉంది' అని అడిగితే 'బాగుంది' అని వస్తుంది. 'ల్యాబ్‌లో మీరే చేతులతో ఎన్ని పరీక్షలు చేశారు, థీసిస్ గైడ్ వారానికి ఎంతసేపు కలుస్తారు' అని అడిగితే అసలు సంగతి వస్తుంది.

ఒక ఏడాది కోర్సా, రెండేళ్లదా? ఈ విషయంలో కొత్తగా అడుగుపెడుతున్నవాళ్లకి రెండేళ్లు మంచిదని నా అభిప్రాయం. ఏడాది కోర్సులో బేసిక్స్ వంటబట్టేలోపే థీసిస్ వచ్చి మీద పడుతుంది. ఇప్పటికే రంగంలో పనిచేస్తున్నవాళ్లకి ఏడాది సరిపోతుంది.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ రాసేటప్పుడు

చాలామంది తాము విన్న ఒక పెద్ద అగ్నిప్రమాదంతో మొదలుపెడతారు, ప్రాణాలు కాపాడాలన్న తపనతో ముగిస్తారు. చదివేవాళ్లకి అలాంటివి కట్టలకొద్దీ వస్తాయి. మీ డిగ్రీ నుంచి ఒక నిర్దిష్టమైన ప్రశ్న పట్టుకోండి. కెమికల్ వాళ్లయితే, మంటను ఆపడానికి ప్లాస్టిక్‌లో కలిపే రసాయనాలు పొగను ఎక్కువ చేస్తాయా అని. సివిల్ వాళ్లయితే, ఉక్కు దూలం వేడెక్కినప్పుడు వ్యాకోచిస్తూ పక్కనున్న స్తంభాన్ని నెడితే ఏమవుతుందని. దాని మీద మీరు ఇప్పటిదాకా చదివింది నాలుగు వాక్యాల్లో, తెలియనిది రెండు వాక్యాల్లో రాయండి. ఆ విభాగంలో ఎవరు దాని మీద పనిచేస్తున్నారో పేరు చెప్పండి. అంతే, పేజీన్నర దాటక్కర్లేదు.

ఇంగ్లిష్ పరీక్ష, మార్కుల జాబితాలు, సిఫార్సు లేఖలు, గడువు తేదీలు: ఇవి ఏ పీజీకైనా ఉండే తతంగమే. స్కాలర్‌షిప్ గడువు అడ్మిషన్ గడువు కంటే ముందే ముగుస్తుందేమో ఒకసారి చూసుకోండి, చాలామంది అక్కడే దెబ్బతింటారు.

సీటు వచ్చాక, క్లాసులు మొదలయ్యేలోపు

రెండు మూడు నెలలు దొరుకుతాయి. వాటిని సాఫ్ట్‌వేర్ ట్యుటోరియళ్ల మీద ఖర్చు చేయకండి. ఈ మూడు పట్టుకోండి.

మొదటిది ఉష్ణ ప్రసారం, ముఖ్యంగా వికిరణం. మంట నుంచి వచ్చే వికిరణం కెల్విన్‌లో ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర పరిపూర్ణ వికిరణి చదరపు మీటరుకి దాదాపు 33 కిలోవాట్లు విడుదల చేస్తుంది. 700 డిగ్రీల దగ్గర దాదాపు 51. వంద డిగ్రీలకే సగానికి పైగా పెరిగింది. ఫ్లాష్‌ఓవర్‌కి ఒక గుర్తుగా పైకప్పు కింది పొగ పొర 600 డిగ్రీలకు చేరడాన్ని తీసుకుంటారు, మరో గుర్తుగా నేల మీద పడే వేడి చదరపు మీటరుకి 20 కిలోవాట్లు కావడాన్ని తీసుకుంటారు. ఈ రెండు అంకెలకీ సంబంధం ఏమిటో మీరే లెక్కగట్టి చూస్తే, ఇక వాటిని బట్టీ పట్టక్కర్లేదు.

రెండోది ద్రవ గతిశాస్త్రం. వేడి గాలి ఎందుకు పైకి పోతుంది, తలుపు పై భాగం నుంచి పొగ బయటికి పోతుంటే కింది భాగం నుంచి చల్లగాలి ఎందుకు లోపలికి వస్తుంది అన్నది బెర్నూలీ సమీకరణం నుంచి మీరే రాబట్టండి. పైన వాడిన 'తలుపు వైశాల్యం, ఎత్తు వర్గమూలం' అక్కడి నుంచే పుడుతుంది. అదే 2.26ని సుమారు 1500తో గుణిస్తే, ఆ తలుపు గుండా వచ్చే గాలితో గదిలో మండగలిగే గరిష్ఠ మంట వస్తుంది: దాదాపు 3.4 మెగావాట్లు. అంతకు మించి ఇంధనం ఉంటే అది తలుపు బయట మండుతుంది. వసారాలో, మెట్ల దగ్గర.

మూడోది దహన రసాయనశాస్త్రం, కానీ ఎక్కువ అక్కర్లేదు. ఒక్క విషయం బాగా తెలిస్తే చాలు: చాలా సేంద్రియ ఇంధనాలు ఒక కిలో ఆక్సిజన్ వాడుకున్నప్పుడు సుమారు 13.1 మెగాజౌళ్ల వేడి ఇస్తాయి, ఇంధనం ఏదైనా పెద్ద తేడా లేకుండా. 1917లో థార్న్‌టన్ అనే శాస్త్రవేత్త గమనించిన ఈ సంగతి ఆధారంగానే ఇవాళ ప్రయోగశాలలు మంట పరిమాణాన్ని కొలుస్తున్నాయి. పొగలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూస్తే వేడి ఎంత పుట్టిందో తెలుస్తుంది. ఎంత తెలివైన అడ్డదారి!

వీటితో పాటు పైథాన్ కొంచెం వస్తే మంచిది, లేకపోతే స్ప్రెడ్‌షీట్ బాగా వాడటం వచ్చినా చాలు. పాఠ్యపుస్తకం ఒక్కటే కొనాలంటే డౌగల్ డ్రైస్‌డేల్ రాసిన ఫైర్ డైనమిక్స్ పరిచయ గ్రంథం కొనండి. సొసైటీ ఆఫ్ ఫైర్ ప్రొటెక్షన్ ఇంజనీర్స్ వారి పెద్ద హ్యాండ్‌బుక్ లైబ్రరీలో ఉంటుంది. అది వరసగా చదివే పుస్తకం కాదు.

ల్యాబ్‌లో

కోన్ కేలరీమీటర్ అనే పరికరం దగ్గర వీలైనంత ఎక్కువ సమయం గడపండి. పది సెంటీమీటర్ల చదరపు నమూనాను శంకువు ఆకారపు హీటర్ కింద పెట్టి, అది ఎప్పుడు అంటుకుంటుందో, ఎంత వేడి ఇస్తుందో కొలుస్తారు. చేతి నిండా నోట్సు రాయండి: నమూనా ఉబ్బిందా, కరిగి కారిందా, అంచుల నుంచి మండిందా. గ్రాఫ్‌లో ఇవేవీ కనబడవు. తర్వాత గ్రాఫ్‌లో వింత మలుపు కనబడితే దానికి కారణం ఆ నోట్సులోనే దొరుకుతుంది.

ఒకే పదార్థాన్ని మూడుసార్లు కాలిస్తే మూడు వేర్వేరు ఫలితాలు వస్తాయి. కొంతమంది విద్యార్థులు టెన్షన్ పడి ఒకదాన్ని పక్కన పెట్టేస్తారు. అలా చేయకండి. ఆ తేడానే రాసి పెట్టుకోండి, రేపు మీ సిమ్యులేషన్‌ని దేనితో పోల్చాలో అదే చెబుతుంది.

సిమ్యులేషన్: ఇక్కడే కాస్త నిదానం

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్ఐఎస్‌టీ తయారుచేసిన ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్, వాడుకలో ఎఫ్‌డీఎస్, 2000లో బయటికి వచ్చింది. ఉచితం. దానితో పాటు వచ్చే, ఫలితాలను బొమ్మగా చూపే స్మోక్‌వ్యూలో పొగ మెలికలు తిరుగుతూ కదులుతుంటే చూడటానికి ఎంతో బాగుంటుంది. ఇబ్బందంతా ఆ బాగుండటంలోనే ఉంది. తప్పు లెక్కకి కూడా అంతే అందమైన బొమ్మ వస్తుంది.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ముందు చేతి లెక్క. ఒక మెగావాటు మంట, ఒక మీటరు వ్యాసం అనుకోండి. హెస్కెస్టాడ్ సూత్రం ప్రకారం జ్వాల ఎత్తు సుమారు 2.7 మీటర్లు. ఆ అంకె కాగితం మీద రాసి గోడకి అంటించండి. తర్వాత ఎఫ్‌డీఎస్ నడపండి. జ్వాల ఒక మీటరో, ఆరు మీటర్లో వస్తే ఎక్కడో పొరపాటు జరిగింది, ముందుకు పోకండి.

తర్వాత గ్రిడ్. సాఫ్ట్‌వేర్ గదిని చిన్న చిన్న గడులుగా విడగొట్టి లెక్క చేస్తుంది, ఆ గడి ఎంత ఉండాలన్నది మీరు చెప్పాలి. మంట పరిమాణాన్ని బట్టి ఒక లాక్షణిక వ్యాసం లెక్కగడతారు. ఒక మెగావాటుకి అది దాదాపు 0.96 మీటర్లు. దాంట్లో నాలుగో వంతు నుంచి పదహారో వంతు దాకా గడి పరిమాణం పెట్టడం వాడుక, అంటే ఇక్కడ 24 సెంటీమీటర్ల నుంచి 6 సెంటీమీటర్ల దాకా. ఇది ప్రారంభ స్థానం మాత్రమే. ఈ పరిధిలో ఉన్నాను కాబట్టి నా లెక్క సరైనదే అని రిపోర్టులో రాసేవాళ్లు చాలామంది. మీరు మాత్రం గడిని సగం చేసి మళ్లీ నడపండి. మీకు కావాల్సిన అంకె మారిందా చూడండి. గడి సగమైతే గడుల సంఖ్య ఎనిమిది రెట్లవుతుంది, లెక్క ఒక్కోసారి ముందుకు జరిగే సమయం (టైమ్ స్టెప్) కూడా సగమవుతుంది కాబట్టి పని పదహారు రెట్లు. ఒక రోజులో అయ్యే రన్ రెండు వారాలు దాటుతుంది. ఈ సంగతి థీసిస్ చివరి నెలలో కాకుండా మొదటి నెలలోనే తెలిసి ఉండాలి.

సిమ్యులేషన్‌ని ఎంత నమ్మాలన్నదానికి రెండు కథలు పక్కపక్కన పెట్టుకుని చదవండి.

1987 నవంబరు 18న లండన్‌లోని కింగ్స్ క్రాస్ భూగర్భ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ అంటుకుని 31 మంది చనిపోయారు. చిన్న మంటలా కనబడింది ఒక్కసారిగా టికెట్ హాలులోకి ఎలా ఎగబాకిందో ఎవరికీ అంతుబట్టలేదు. కంప్యూటర్ సిమ్యులేషన్ చేస్తే, వాలుగా ఉన్న ఎస్కలేటర్ గాడిలో జ్వాల పైకి లేవకుండా మెట్లకి అంటుకుని పడుకుని పైకి పాకుతోందని వచ్చింది. ప్రోగ్రామ్‌లోనే తప్పుందేమో అని నిపుణులు అనుమానించారు. తర్వాత నమూనా కట్టి కాల్చి చూస్తే నిజంగానే అలాగే జరిగింది. దాన్ని ట్రెంచ్ ఎఫెక్ట్ అంటున్నారు. అప్పటిదాకా మనుషులకు తెలియని సంగతిని కంప్యూటర్ చెప్పిన సందర్భం అది.

2006లో గ్లాస్గోలోని డాల్‌మార్నాక్‌లో ఒక బహుళ అంతస్తుల భవనంలో, ఫర్నిచర్ పెట్టిన ఫ్లాట్‌ను సెన్సర్లతో నింపి ఎడిన్‌బరా బృందం కాల్చింది. ఫలితాలు బయటపెట్టకముందే వేర్వేరు బృందాలకి ఫ్లాట్ వివరాలు ఇచ్చి, ఏం జరుగుతుందో ముందుగా చెప్పమన్నారు. అందరికీ అందిన సమాచారం ఒకటే, ఎక్కువమంది వాడిన సాఫ్ట్‌వేర్ కూడా ఒకటే. వచ్చిన జవాబులు మాత్రం విపరీతంగా చెదిరిపోయాయి. ఫలితం తెలిశాక దానికి సరిపోయేలా సిమ్యులేషన్‌ని సర్దడం వేరు, ముందుగా చెప్పడం వేరు అని ఆ ప్రయోగం తేటతెల్లం చేసింది.

రెండు కథల్లోనూ తేడా ఎక్కడుంది? కింగ్స్ క్రాస్‌లో అడిగింది గాలి ప్రవాహం గురించి, ఆకారం తెలుసు. డాల్‌మార్నాక్‌లో అడిగింది సోఫా నుంచి మంట ఎలా పెరుగుతుందని. దాన్ని ఇప్పటికీ ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. అందుకే ఉద్యోగంలో మంట పరిమాణాన్ని ఇంజనీరే ఎంచి ఇస్తాడు, సాఫ్ట్‌వేర్ చేత పొగ ఎటు పోతుందో మాత్రమే చెప్పిస్తాడు. మీ రిపోర్టుల్లో కూడా ఏది మీరు ఇచ్చిన అంకె, ఏది లెక్క నుంచి వచ్చిన అంకె అన్నది విడివిడిగా రాసే అలవాటు మొదటి అసైన్‌మెంట్ నుంచే చేసుకోండి.

కట్టడాలు, మనుషులు, నిబంధనలు

కట్టడాల పేపర్‌లో ముందు ఐఎస్ఓ 834 వక్రరేఖ వస్తుంది, పరీక్ష కొలిమిలో సమయంతో ఉష్ణోగ్రత ఎలా పెరగాలో చెప్పే ప్రామాణిక గీత. 60 నిమిషాలకి 945 డిగ్రీలు, ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. నిజమైన మంట ఇంధనం అయిపోగానే చల్లబడుతుంది, ఇది చల్లబడదు. కొలిమిలో పరీక్షలను పోల్చడానికి పెట్టుకున్న కొలత ఇది. 'రెండు గంటల ఫైర్ రేటింగ్' అంటే నిజమైన ప్రమాదంలో రెండు గంటలు నిలబడుతుందని అర్థం కాదు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకున్న విద్యార్థి ఇంటర్వ్యూలో వెంటనే తెలిసిపోతాడు. ఉక్కు 600 డిగ్రీల దగ్గర తన బలంలో సగానికి పైగా పోగొట్టుకుంటుందని యూరప్ కట్టడాల డిజైన్ ప్రమాణమైన యూరోకోడ్ పట్టికలో ఉంటుంది. అలాగని భవనం కూలిపోవాలని లేదు. 1990ల మధ్యలో ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో ఎనిమిది అంతస్తుల ఉక్కు కట్టడాన్ని కాల్చి చూసినప్పుడు, రక్షణ పూత లేని దూలాలు బాగా వంగిపోయినా అంతస్తులు కూలలేదు. కాంక్రీటు స్లాబు వల్ల బరువు చుట్టుపక్కలకి పంచుకుపోయింది. ఒక్క దూలాన్ని చూసి లెక్కగట్టడానికీ మొత్తం కట్టడాన్ని చూడటానికీ ఉన్న తేడా ఇక్కడే నేర్చుకోవాలి.

మనుషుల ప్రవర్తన పేపర్‌ని ఇంజనీర్లు తేలిగ్గా తీసుకుంటారు, సమీకరణాలు తక్కువ కాబట్టి. నా దృష్టిలో కోర్సు మొత్తంలో కష్టమైనది అదే. సూత్రం చూస్తే చిన్నదే: బయటపడటానికి దొరికే సమయం, బయటపడటానికి పట్టే సమయం కంటే ఎక్కువ ఉండాలి. పట్టే సమయంలో నాలుగు ముక్కలు ఉంటాయి. మంటను గుర్తించడం, అలారం మోగడం, జనం కదలడానికి సిద్ధపడటం, నడవడం. విద్యార్థులు నడకని సెకన్లలో సాఫ్ట్‌వేర్‌తో లెక్కగడతారు. అలారం విన్నాక జనం చేసే ఆలస్యం చాలాసార్లు నడక కంటే ఎక్కువ ఉంటుంది, దాన్ని మాత్రం ఒక పట్టిక నుంచి ఎత్తి రాసేస్తారు. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ అనే నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పు గోడలకున్న ఫోమ్‌కి అంటుకుని 100 మంది చనిపోయారు. వేరే దారులున్నా ఎక్కువమంది లోపలికి వచ్చిన ముఖద్వారం వైపే పరుగెత్తారు, రెండు నిమిషాలు కాకముందే అక్కడ జనం ఒకరి మీద ఒకరు పడిపోయి దారి మూసుకుపోయింది. ఎన్ఐఎస్‌టీ నివేదిక ఉచితంగా దొరుకుతుంది. దాన్ని చదివి, ఈ పేపర్‌లో మీరు రాసే ప్రతి ఎగ్జిట్ లెక్కలో జనం తలుపుల మధ్య సమానంగా పంచుకుపోతారన్న ఊహని ఒకసారి ప్రశ్నించండి.

నిబంధనల పుస్తకాలు విసుగు పుట్టిస్తాయి, నిజమే. ప్రతి దేశానికీ వేరే. వాటిని బట్టీ పట్టే బదులు ఒక్కో నిబంధన ఏ ప్రమాదం తర్వాత వచ్చిందో, ఏ ఊహ మీద నిలబడిందో అడగండి. ఆ ఊహ మీ భవనంలో చెల్లకపోతే నిబంధన పాటించినా ప్రమాదమే. 2017 జూన్ 14న 72 మంది చనిపోయిన లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో, మంట ఒక్క ఫ్లాట్‌లోనే ఆగుతుంది కాబట్టి మిగతావాళ్లు లోపలే ఉండవచ్చన్నది ఆ ఊహ. భవనం బయటి గోడలకి తొడిగిన, మండే క్లాడింగ్ దాన్ని చెల్లకుండా చేసింది. 2024 సెప్టెంబరులో వచ్చిన తుది విచారణ నివేదిక చాలా పెద్దది. అందులో పదార్థాల పరీక్షలు, వాటి ఫలితాలను అమ్మకానికి ఎలా మలచుకున్నారు అన్న భాగాలైనా చదవండి. వృత్తి నీతి మీద విడిగా పాఠం అక్కర్లేదు.

థీసిస్

చిన్న ప్రశ్న తీసుకోండి. 'ఎత్తైన భవనాల్లో అగ్ని భద్రత' ఒక జీవితకాలానికి సరిపడా విషయం. 'ఇంత మందం ఉన్న చెక్క పలక, ఇంత వేడి కింద మండటం తనంతట తాను ఆపేస్తుందా' అన్నది థీసిస్. చెక్కతో కట్టే బహుళ అంతస్తుల భవనాలు, లిథియం అయాన్ బ్యాటరీలు, భవనాల ముఖభాగాలు, ఊళ్లని తాకే అడవి మంటలు: ఇప్పుడు ప్రశ్నలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి, నిధులు కూడా.

అంశం ఖాయం చేసుకునే ముందు గైడ్‌ని మూడు అడగండి. నా ఫలితాన్ని దేనితో పోల్చాలి, కొలిచిన డేటా ఎక్కడుంది? ప్రయోగం పాడైతే మిగిలే థీసిస్ ఏమిటి? ల్యాబ్ స్లాట్ ఎప్పుడు? మూడోదానికి సూటిగా జవాబు రాకపోతే జాగ్రత్త. మంటతో చేసే ప్రయోగాలకి భద్రతా అనుమతులు, పొగ శుద్ధి, టెక్నీషియన్ సమయం కావాలి, అవన్నీ మీ క్యాలెండర్ ప్రకారం నడవవు. టెక్నీషియన్‌తో స్నేహంగా ఉండండి. థీసిస్ సమయానికి పూర్తవుతుందా లేదా అన్నది ప్రొఫెసర్ కంటే ఎక్కువగా ఆయన చేతిలోనే ఉంటుంది.

రాసేటప్పుడు ప్రతి అంకె పక్కన దాని అనిశ్చితి రాయండి. అనుకున్న ఫలితం రాకపోతే అదే రాయండి, ఎందుకు రాలేదో ఒక అధ్యాయం కేటాయించండి. పరీక్షకులు చాలాసార్లు ముందుగా చదివేది అదే.

ఉద్యోగం వైపు

డిజైన్ కన్సల్టెన్సీలు, పరీక్షా ప్రయోగశాలలు, బీమా సంస్థలు, చమురు, రసాయన పరిశ్రమలు, రైలు, సొరంగ ప్రాజెక్టులు, అగ్నిమాపక శాఖలు, పరిశోధన. ఎక్కువమంది మొదట కన్సల్టెన్సీకే పోతారు. ఇంటర్వ్యూకి మీ సిమ్యులేషన్ వీడియో కాకుండా ఒక పేజీ చేతి లెక్క తీసుకెళ్లండి, ఊహలన్నీ పైన రాసి ఉన్నది. సొసైటీ ఆఫ్ ఫైర్ ప్రొటెక్షన్ ఇంజనీర్స్‌కి చాలా చోట్ల విద్యార్థి శాఖలున్నాయి, చదువుతున్నప్పుడే చేరండి. అమెరికాలో ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు పరీక్షలో ఫైర్ ప్రొటెక్షన్ విడి విభాగం. బ్రిటన్‌లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఫైర్ ఇంజనీర్స్ ద్వారా చార్టర్డ్ హోదా తెచ్చుకోవచ్చు. రెండింటికీ అనుభవం చూపించాలి. కాబట్టి ఉద్యోగంలో చేరిన వారం నుంచే, ఏ ప్రాజెక్టులో ఏ నిర్ణయం మీరు తీసుకున్నారో, ఎందుకో, ఎవరు తనిఖీ చేశారో తేదీ వేసి రాసుకుంటూ పోండి. నాలుగేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయాలంటే సగం పోతుంది.